తొమ్మిదో నిబంధన

జనవరి 26, ఆదివారం

నందిగామలో ఉపన్యాసం బ్రహ్మాండంగా జరిగింది. విశ్రాంత ఉద్యోగులు పిలిచారు. విషయం నేనే ఎంచుకున్నాను: ప్రజాస్వామ్యానికీ గణతంత్రానికీ తేడా. ముప్పై ఒక్క ఏళ్లు ఇంటర్మీడియట్ పిల్లలకు సివిక్స్‌లో చెప్పిన పాఠమే. నిద్రలో లేపి అడిగినా చెబుతాను. మాట వరసకు అన్నాను గాని, నా క్లాసులో నిద్రపోయింది పిల్లలే.

ముందు పుస్తకంలో ఉన్న తేడా చెప్పాను. ఇంగ్లండులో ఓట్లున్నాయి, రాజుగారూ ఉన్నారు. కాబట్టి అది ప్రజాస్వామ్యమే గాని గణతంత్రం కాదు. మనకు రాజు లేడు, ఎవరి బిడ్డయినా రాష్ట్రపతి కావచ్చు. తర్వాత నా సొంత తేడా చెప్పాను. ప్రజాస్వామ్యంలో ఎక్కువమంది మాట నెగ్గుతుంది. మన గణతంత్రంలోనూ నెగ్గుతుంది, కానీ ఎంతమంది కలిసొచ్చినా ముట్టుకోకూడనివి కొన్ని ముందే రాసిపెట్టి ఉంటాయి. వందమంది చేతులెత్తినా సరే, ఒక్కడి నోటి దగ్గర కూడు లాగెయ్యడానికి వీల్లేదు. ఇక్కడ చప్పట్లు వస్తాయనుకున్నాను. వచ్చాయి. శాలువా కప్పారు.

తిరుగు బస్సులో గ్రేసీ కనిపించింది. నందిగామలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. నా పాత విద్యార్థిని, ఇప్పుడు జగ్గయ్యపేటలో మా కాలనీ మనిషే. ఎగువ వరసలో ఇరవై ఆరో నంబరు ఇల్లు. భర్త రూబెన్ సిమెంటు లారీ నడుపుతూ నెలలో ఇరవై రోజులు రోడ్డు మీదే ఉంటాడు. ఇంట్లో ఈ పిల్లా, మామగారు శాంతయ్యా.

ఉపన్యాసం సంగతి చెబితే, "మన కాలనీ రూల్సులో కూడా అదే రాసారు కద సార్, తొమ్మిదోది" అంది.

కళ్లు చెమర్చాయి. పన్నెండేళ్ల క్రితం సంఘం పెట్టినప్పుడు ఇరవై రెండు నిబంధనలు నా చేత్తో రాశాను. తొమ్మిదోది నా ప్రాణం. "బోరు నీరు ప్రతి ఇంటికీ సమానముగా అందవలెను. ఈ నిబంధనను ఏ సర్వసభ్య సమావేశమూ ఎంత మెజారిటీతోనైనను మార్చజాలదు, రద్దు చేయజాలదు." ఆ రోజు బోండాలు చల్లారిపోతున్నాయని అందరూ చదవకుండా సంతకాలు పెట్టారు. చదివిన మనిషి ఒకరున్నారని ఇన్నాళ్లకు తెలిసింది.

శాలువా బాగా పలచన. మిక్సీ మీద కప్పుకోవడానికి సరిపోతుందని ప్రసూనాంబ అంది. భార్యకు ఏ ఉపన్యాసమూ పనిచెయ్యదు.

ఫిబ్రవరి 16, ఆదివారం

సర్వసభ్య సమావేశం. పేరుకు మాది లెక్చరర్స్ కాలనీ, ఉన్న లెక్చరర్ని నేనొక్కణ్ణే. ఇరవై ఏడిళ్లు. ఇంటికో ఓటు. ప్రతిదీ ఓటుకు పెట్టడం ఈ కాలనీకి నేను నేర్పిన అలవాటు. కుక్కలకు అన్నం గేటు లోపల పెట్టాలా బయట పెట్టాలా అన్నదీ, కాఫీయా టీయా అన్నదీ చేతులెత్తే తేల్చాం. ఎక్కడుంది ఇంతటి చైతన్యం?

ఎరువుల వ్యాపారం చేసే సతీష్‌బాబు ఇవాళ ఒక ప్రతిపాదన తెచ్చాడు. గేటు దగ్గర ఆర్చి కట్టించి దాని మీద నా పేరు చెక్కిస్తాడట, ఖర్చంతా తనదేనట. "మూడుసార్లు ప్రెసిడెంటుగా చేసారు మాస్టారూ, ఆ మాత్రం లేకపోతే ఎట్టా?" అన్నాడు. నేను వద్దన్నాను. ఓటుకు పెట్టారు. వద్దన్నది నేనొక్కణ్ణే. మెజారిటీకి తల వంచాను.

మార్చి 2, ఆదివారం

బోరు అడుగంటుతోంది. గంటన్నర ఆడే మోటారు ముప్పావు గంటకే గాలి కొడుతోంది. ఇంకా మార్చే.

మార్చి 9, ఆదివారం

ఇవాళ ఒక నిర్ణయం జరిగింది. ప్రజాస్వామ్యబద్ధంగానే జరిగింది.

మా కాలనీ ఏటవాలు నేల. బోరూ ట్యాంకూ గేటు దగ్గర పల్లంలో ఉన్నాయి. చివరి నాలుగిళ్లు, అంటే ఎగువ వరస, మెరకలో ఉన్నాయి. అక్కడిదాకా నీళ్లు ఎక్కాలంటే మిగతావాళ్లందరికీ ధార సన్నబడుతుంది. ఆ వరసకు వేరే వాల్వు ఉంది. వానలు పడేదాకా దాన్ని మూసేద్దామని సతీష్‌బాబు లేచాడు.

"నాలుగిళ్ల కోసం ఇరవై మూడిళ్లు ఎండిపోవాలా? వాళ్లకి గేటు కాడ కుళాయి పెడదాం. పదింటి నుంచి పదకొండింటి దాకా ఇడుద్దాం. పట్టుకెళ్తారు."

రత్తయ్య గారు మంచాయన, పది ఎకరాల రైతు. ఎవరి పక్కన కూర్చుంటే వాళ్ల వైపు చెయ్యెత్తుతారు. ఇవాళ సతీష్‌బాబు పక్కన కూర్చున్నారు. "వాళ్లకి మోసుకోడం అలవాటే గదండీ పంతులుగారూ" అన్నారు.

ఈ మాట ఇక్కడ రాయకుండా ఉండాల్సింది.

గ్రేసీ లేచి, "సార్, తొమ్మిదో రూలు?" అంది. నా వైపే చూసి అడిగింది.

"ఏ రూలమ్మా? బుక్కు ఏది? చూపిస్తే చూద్దాం" అన్నాడు సతీష్‌బాబు.

రిజిస్టరు చూసి చెబుతానన్నాను. అప్పటిదాకా సభ ఆగడం బాగుండదు కదా. చేతులెత్తమన్నారు. అధ్యక్షుడు ఓటు వెయ్యకూడదని పదకొండో నిబంధన, నేను వెయ్యలేదు. కళ్లజోడు సర్దుకోవడానికి చెయ్యి కాస్త పైకి లేచింది. రత్తయ్య గారు దాన్నీ లెక్కపెట్టారు. ఇరవై మూడుకు నాలుగు. నడుస్తున్న లెక్కింపుకు అడ్డు తగలడం మర్యాద కాదని ఊరుకున్నాను.

తాత్కాలికమే కదా.

మార్చి 10, సోమవారం

రిజిస్టరు కోసం వెతికాను. హాల్లో లేదు. వరండాలో లేదు. దేవుడి అరలో కూడా చూశాను.

మార్చి 12, బుధవారం

బీరువాలో పై రెండు అరలూ చూశాను. కింది అర చూడాలంటే వంగాలి. నడుం పట్టేసింది.

మార్చి 16, ఆదివారం

పది గంటలకు సభ. ఎగువ వరసవాళ్లు ఎవరూ రాలేదు. పదింటికే గేటు దగ్గర కుళాయి వదులుతారు, వాళ్లు అక్కడ వరసలో ఉన్నారు. హాజరు తగ్గడం విచారకరం. పౌరులు సమావేశాలకు రాకపోతే ప్రజాస్వామ్యం ఎలా బతుకుతుందని రెండు ముక్కలు మాట్లాడాను.

రిజిస్టరు దొరకలేదని చెప్పాను. "ఇన్నాళ్లుగా కనపడని బుక్కు పోయినట్టే గదా మాస్టారూ, అదీ తీర్మానం చేసేద్దాం" అన్నాడు సతీష్‌బాబు. పాత రిజిస్టరు పోయినట్టు సభ ఏకగ్రీవంగా తీర్మానించింది. సంతకాలు చేశాం. ఇవాళ గారెలు.

మార్చి 20, గురువారం

ప్రసూనాంబ బట్టలు సర్దుతూ కేకేసింది. "ఏమండీ, మీ రిజిస్టరు కింది అరలోనే ఉంది, మీ శాలువా కింద."

అది పోయినట్టు సభ తీర్మానించిందని చెప్పాను.

"మరి నా చేతిలో ఉన్నదేంటి?"

సాంకేతికంగా అది ఇప్పుడు లేదు. ఇరవై మూడిళ్లవాళ్లు లేదని సంతకం పెట్టాక, నేను ఒక్కణ్ణి ఉందనడం నియంతృత్వం అవుతుంది. ఇదంతా వివరించాను. ఆమె రిజిస్టరు మళ్లీ అక్కడే పెట్టేసి అర మూసింది.  ముప్పై ఎనిమిదేళ్ల కాపురంలో ఆమెకు సివిక్స్ మీద ఆసక్తి కలిగించలేకపోయాను.

మార్చి 30, ఆదివారం. ఉగాది

ఆర్చి ప్రారంభం. నల్లరాయి మీద బంగారు రంగు అక్షరాలు: శ్రీ ఉమాకాంతం మాస్టారి స్వాగత ద్వారం. ఫోటోలు దిగాం. ముహూర్తం పదీ ఇరవైకి కుదిరింది. అది కుళాయి వదిలే వేళ. రిబ్బను కత్తిరించేదాకా ఎవరినీ దాటనివ్వద్దన్నారు. ఎగువ వరసవాళ్లు బిందెలతో ఆర్చికి ఆ పక్క నిలబడ్డారు. శాంతయ్య సైకిలుకు రెండు వైపులా రెండు బిందెలు కట్టుకుని, హ్యాండిల్ గట్టిగా పట్టుకుని నిలుచున్నాడు. డెబ్బై దాటిన మనిషి. నేను ప్రసంగం కుదించుకుని ఇరవై నిమిషాల్లో ముగించాను.

ఉగాది పచ్చడిలో వేపపువ్వు ఎక్కువైందేమో, రోజంతా నోరు చేదుగానే ఉంది.

ఏప్రిల్ 2, బుధవారం

సతీష్‌బాబు ఇంటి ముందు పచ్చగడ్డి బాగా వచ్చింది.

ఏప్రిల్ 3, గురువారం

గడ్డి గురించి నేను ఎవరితోనూ మాట్లాడలేదు. ఎందుకు రాశానో తెలియదు.

ఏప్రిల్ 7, సోమవారం

శాంతయ్య పడిపోయాడు.

నా ఎదురుగానే పడ్డాడు. ఆర్చి దాటాక రోడ్డు మెరక ఎక్కేచోట సైకిలు ఒరిగింది, బిందెలతో సహా పడిపోయాడు. కుడి చెయ్యి కింద పడింది. నేను పేపరు పట్టుకుని వస్తున్నాను. గ్రేసీ వెనకనే ఇంకో బిందెతో వస్తోంది. పరిగెత్తుకొచ్చి ఆయన్ని కూర్చోబెట్టి చెయ్యి పట్టి చూసింది. మణికట్టు విరిగిందని ఆయనకు తెలియకముందే ఆమెకు తెలిసిపోయింది. తన చున్నీతో కట్టు కట్టింది. ఏడవలేదు, అరవలేదు.

"సార్, కాస్త ఆ బిందె మా ఇంటి దాకా తెచ్చిపెడతారా? ఆటో పిలవాల" అంది.

ఆమె దించిన బిందె ఒక్కటే నిలబడి ఉంది. ఎత్తుకున్నాను. ఇరవై ఆరో నంబరు దాకా నడిచాను. మధ్యలో మూడుసార్లు దించాను. చొక్కా అంతా తడిసింది. వాళ్ల గుమ్మం ముందు బిందె దించి మెట్టు మీద కూర్చుంటే దుఃఖం వచ్చింది. సిగ్గుతో వచ్చిన దుఃఖం. ఆ మనిషి నెల రోజుల నుంచి ఇలా మోస్తున్నాడు, నేను నెల రోజుల నుంచి వంగలేకపోతున్నాను.

ఏప్రిల్ 8, మంగళవారం

సతీష్‌బాబు ఇంటికి వెళ్లాను. వాల్వు తెరిపించమన్నాను. అతను చాలా మర్యాదగా మాట్లాడాడు, మజ్జిగ ఇప్పించాడు.

"పెద్దాయన పడ్డం నాకూ బాధగానే ఉంది మాస్టారూ. ఆసుపత్రి ఖర్చు నేను పెట్టుకుంటా. కానీ వాల్వు నా చేతిలో లేదు గదా, మీటింగుదయ్యె. మళ్లీ ఓటు పెడదాం. మీరు గెలిస్తే తీసేద్దాం."

న్యాయమైన మాటే. న్యాయమైన మాట విన్నాక ఇంత నీరసం రావడం వింతగా ఉంది.

ఏప్రిల్ 13, ఆదివారం

సభ. పైవాళ్లూ రావాలని సాయంత్రానికి పెట్టించాను. ఇవాళ ధైర్యం చేశాను. నీళ్ల సంగతి అసలు ఓటుకు పెట్టకూడదు, తొమ్మిదో నిబంధన ఉంది, దాన్ని ఎవరూ మార్చలేరు అన్నాను. 

"ఉందంటారు. బుక్కు పోయిందని మీరే సంతకం పెట్టారు. ఇప్పుడు ఉందో లేదో ఎట్టా తేలాల?" అన్నాడు సతీష్‌బాబు.

"ఓటుకి పెట్టండయ్యా" అన్నారు రత్తయ్య గారు.

తొమ్మిదో నిబంధన ఉందా లేదా అన్నది ఓటుకు పెట్టారు. లేదు: ఇరవై రెండు. ఉంది: నాలుగు. పదకొండో నిబంధన ప్రకారం నేను తటస్థం. ఈసారి కళ్లజోడు ముట్టుకోలేదు.

గ్రేసీ ఒక్కటే మాట అడిగింది. "సార్, ఆ బుక్కు నిజంగా పోయిందా?"

వెతుకుతున్నానమ్మా అన్నాను.

ఇంటికొచ్చి కింది అర తెరిచాను. వంగితే నడుం ఏమీ అనలేదు. రిజిస్టరు తీసి తొమ్మిదో నిబంధన చదివాను. అక్షరాలు ఎంత గుండ్రంగా ఉన్నాయో. కింద ఇరవై ఏడు సంతకాలు. సతీష్‌బాబు సంతకం అందరికన్నా పెద్దది. మళ్లీ పెట్టేశాను.

ఇది చూపిస్తే ఇన్నాళ్లూ దాచానని అందరికీ తెలుస్తుంది. ఆర్చి మీద పేరున్న మనిషిని.

ఏప్రిల్ 15, మంగళవారం

మండిపోతున్న ఎండ.

ఏప్రిల్ 22, మంగళవారం

నిన్న సోమవారం గ్రేసీ నందిగామలో ఆర్డీవో ఆఫీసుకు వెళ్లి అర్జీ ఇచ్చిందట. వచ్చే సోమవారం రెండు పక్షాలనూ రమ్మని ఇవాళ కబురు వచ్చింది. సంఘం అధ్యక్షుడు నిబంధనల పుస్తకంతో సహా రావాలట.

ఇంటి గొడవ వీధికెక్కించడం ఏమిటని సతీష్‌బాబు మండిపడ్డాడు. "పుస్తకం దొరకలేదని ఒక లెటరు రాసిచ్చేయండి మాస్టారూ, అయిపోద్ది."

ఏప్రిల్ 25, శుక్రవారం

లెటరు మూడుసార్లు రాశాను. "సదరు రిజిస్టరు ఎంత గాలించినను లభ్యము కానందున" అన్న చోట వాక్యం బాగా కుదిరింది. చదివి వినిపిస్తే ప్రసూనాంబ, "అబద్ధానికి ఎంత మంచి తెలుగండీ" అని వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఏప్రిల్ 28, సోమవారం

ఇవాళ జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున్నే ప్రసూనాంబ సంచీ చేతికిచ్చింది. బరువుగా ఉంది. చూస్తే పెరుగన్నం డబ్బా, దాని కింద రిజిస్టరు. ఇదెందుకన్నాను. "లెటరు జేబులో ఉందిగా. ఇది సంచీలో ఉంటది. ఏదివ్వాలో మీ ఇష్టం. నేనైతే సర్దాను" అంది.

బస్సు ఆలస్యమైంది. హైవే మీద నిలబడ్డాం. బస్సు వచ్చాక సతీష్‌బాబు నా పక్కనే కూర్చున్నాడు. నాలుగు సీట్ల ముందు గ్రేసీ, పక్కన చేతికి సిమెంటు కట్టుతో శాంతయ్య. ఒకే బస్సులో రెండు పక్షాలూ నందిగామకు వెళ్లాం. కండక్టరు చిల్లర లేదంటే గ్రేసీ ఇచ్చిన చిల్లరలోంచే సతీష్‌బాబుకూ సర్దాడు. ఇద్దరూ ఏమీ అనుకోలేదు.

ఆఫీసులో ఆర్డీవో కుర్చీలో ఉన్నావిడ నా కూతురి వయసుది. ముందే చెప్పేసింది. "ఇది మీ సంఘం వ్యవహారం, నేను తీర్పు చెప్పేదాన్ని కాదు. కానీ అర్జీ వచ్చింది కాబట్టి అడుగుతున్నా. మీ రూల్సులో నీళ్ల గురించి ఏముందండీ?"

"మెజారిటీ తీర్మానం ఉంది మేడం. ఇరవై మూడుకి నాలుగు" అన్నాడు సతీష్‌బాబు.

"తీర్మానం కాదు, రూలు ఏముందీ అని."

సతీష్‌బాబు నా వైపు చూశాడు. గ్రేసీ నా వైపు చూడలేదు. అదే తట్టుకోలేకపోయాను. పన్నెండేళ్లలో నా పుస్తకం చదివిన ఒక్క మనిషి, ఇక నా నుంచి ఏమీ రాదని తేల్చుకుని కిటికీ వైపు చూస్తోంది. శాంతయ్య మాత్రం లేచి నిలబడి ఉన్నాడు, నేను కూర్చోలేదని.

చెయ్యి జేబులోకి పోయింది. లెటరు తగిలింది. తీసి, మళ్లీ పెట్టుకుని, సంచీలో పెరుగన్నం డబ్బా పక్కకు జరిపి రిజిస్టరు బల్ల మీద పెట్టాను. అట్ట మీద పెరుగు కొద్దిగా ఒలికింది. రుమాలుతో తుడిచాను.

"దొరికిందా మాస్టారూ?" అన్నాడు సతీష్‌బాబు. ఆ గొంతులో కోపం లేదు. నిజంగానే ఆశ్చర్యపోయాడు. పోయిందని అతను నమ్మాడు. పాపం, నా మాట నమ్మాడు.

"పోలేదు. నా దగ్గరే ఉంది" అన్నాను.

ఆవిడ తొమ్మిదో నిబంధన పైకి చదివింది. రెండోసారి తనలో తాను చదువుకుంది. "ఎవరు రాసారిది? బాగా రాసారే." నేనేనన్నాను. సంతోషించాల్సిన సమయం కాదు గాని, రవ్వంత సంతోషం కలిగింది. దాచను.

"అయితే మీరే చెప్పండి మాస్టారూ. ఈ రూలు నిలబడాలంటే మీటింగులో ఎన్ని ఓట్లు రావాలి?"

"ఒక్కటి కూడా అక్కర్లేదండి."

"మరి యాభై రోజులు ఏం చేసారు?"

"మీటింగులు పెట్టామండి."

గదిలో గుమాస్తా నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. సాయంత్రంలోగా వాల్వు తెరవమనీ, ఉన్న నీళ్లు ఇళ్లన్నిటికీ వంతులు వేసుకోమనీ ఇద్దరి దగ్గరా రాయించుకుంది. తిరుగు బస్సులో నా పక్క సీటు ఖాళీగా వచ్చింది.

ఏప్రిల్ 29, మంగళవారం

వాల్వు తెరిచారు. వరసకు ఇరవై అయిదు నిమిషాలు. అందరికీ తక్కువే. ఎగువ వరసలో కుళాయి చప్పుడు ఆర్చి దాకా వినిపించింది. లేదా నేను వినిపించిందనుకున్నాను.

మే 4, ఆదివారం

ఆర్చి మీద ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీ కట్టారు. నా పేరులో "శ్రీ" ఒక్కటే బయటికి కనిపిస్తోంది. గాలికి కదిలినప్పుడు "ఉ" కూడా.

మే 8, గురువారం

ఆదివారం అధ్యక్ష ఎన్నిక. నాకు పోటీగా రత్తయ్య గారిని నిలబెట్టారు. తను నిలబడ్డట్టు ఆయనకు నిన్న సాయంత్రం తెలిసింది. నన్ను వెతుక్కుంటూ వచ్చి, "ఇదేంది పంతులుగారూ, నేను మీకే వేద్దామనుకుంటన్నా" అన్నారు.

ఓడిపోతానని తెలుసు. లెక్క వేసుకున్నాను. పై నాలుగిళ్లూ, నేనూ (ఎన్నికలో మాత్రం అధ్యక్షుడికీ ఓటుంది). అయిదు. అయిదు చాలు. సత్యం కోసం నిలబడ్డవాడికి అయిదు ఓట్లు గౌరవప్రదమైన సంఖ్య.

మే 11, ఆదివారం

చీటీల మీద రహస్య ఓటు. రత్తయ్య గారికి ఇరవై మూడు. నాకు నాలుగు.

నాలుగు.

రత్తయ్య గారు తన ఓటు నాకే వేశానని అందరి ముందూ ప్రమాణం చేశారు. అంటే పైవాళ్ల నుంచి వచ్చింది రెండేనా? లేక ఆయన మాట వరసకు అన్నారా? లేక శాంతయ్య చెయ్యి సరిగా లేక చీటీ తప్పు రాశాడా? ఇంటికో ఓటు కాబట్టి ఆ ఇంట్లో వేసింది ఎవరు? మధ్యాహ్నం అన్నం సయించలేదు.

గెలుపోటములు నాకు పట్టవు. తెలుసుకోవాలని మాత్రమే.

మే 12, సోమవారం

ప్రసూనాంబ ముందే చెప్పింది. "అడక్కండి, అడిగితే చెప్తది ఆ పిల్ల."

సాయంత్రం నాలుగింటికి గ్రేసీ డ్యూటీ దిగి వస్తుంటే ఆర్చి దగ్గర ఎదురుపడ్డాను. అనుకోకుండానే. అరగంట నుంచి అక్కడే ఉన్నాను. శాంతయ్య చెయ్యి ఎలా ఉందని అడిగాను. కట్టు ఇంకో వారంలో విప్పుతారంది. నీళ్లు సరిగా వస్తున్నాయా అన్నాను. వస్తున్నాయంది. ఇంక అడగడానికి ఏమీ మిగలలేదు.

"నిన్న ఎన్నిక..." అన్నాను.

"నేనే సార్" అంది. "రత్తయ్య గారికి వేసా. మా వరసలో ఇంకో ఇంటివాళ్లు కూడా."

ఆ మాట అనడానికి ఆమె తల దించుకోలేదు, ఎత్తనూ లేదు. ఆసుపత్రిలో మందు పేరు చెప్పినట్టు చెప్పింది.

"వాల్వు తెరిపించింది నేనే కదమ్మా" అన్నాను. ఎంత చిన్న మాట! నోరు జారింది.

"అవును సార్. థాంక్స్ అండి, నిజంగా. మీరు పుస్తకం తియ్యకపోతే మా పని అయిపోయేది." అంది. "కానీ నీళ్లు మా హక్కు సార్. దానికి ఓటు పెట్టకూడదని మీరే రాసారు. ప్రెసిడెంటు పదవి హక్కు కాదు గద సార్. అది ఓటు పెట్టాల్సిందే. యాభై రోజులు పుస్తకం దాచిపెట్టుకున్నాయనకి నేనెట్టా వేస్తా?"

  కోపం వచ్చింది. నిజంగానే వచ్చింది, ఎవరూ చదవని చోట అబద్ధం ఎందుకు రాయాలి. కోపం వెనకాల ఇంకోటి వచ్చింది. ఈ పిల్ల చెప్పినంత సూటిగా ఆ తేడా నేను ఏ క్లాసులోనూ చెప్పలేదు, నందిగామలోనూ చెప్పలేదు.

గ్రేసీ సంచీ భుజం మార్చుకుంది. వెళ్లబోతూ మామూలుగా అడిగింది. "సార్, రేపు మా వరస వంతు ఆరింటికా, ఆరున్నరకా?"

టైములన్నీ నాకు నోటికొచ్చు. వంతుల కాగితం రాసింది నేనే.

"రత్తయ్య గారిని అడుగమ్మా. ఆయనే కదా ప్రెసిడెంటు" అన్నాను. ఆ మాట అనడానికి నాకు కొంచెం సేపు పట్టింది. ఆమె అంతసేపూ ఆగింది.